ఆసు పోసిన చేయి

పోచంపల్లి చీరను చేతిలోకి తీసుకొన్నవారు ముందుగా దాని రంగులను చూస్తారు. ఎరుపులోనికి నలుపు, నలుపులోనికి తెలుపు కొద్దికొద్దిగా కరిగి కలిసినట్లుండే ఆ అంచులను చూసి ముచ్చటపడతారు. కొంత తెలిసినవారు నేసిన చేతిని మెచ్చుకొంటారు. మరికొంత తెలిసినవారు, నేతకు ముందే దారానికి కట్లు కట్టి రంగులద్దిన చేతిని కూడా తలచుకొంటారు. ఆ కట్టుకంటె కూడా ముందు జరిగే పని ఒకటి ఉంది. దాని పేరు ఆసు పోయడం. చీర పూర్తయ్యేసరికి ఆ పని ఆనవాలు ఎక్కడా మిగలదు. మా అమ్మ తన జీవితంలో పాతికేళ్ళు చేసిన పని అది.

మీలో చేనేత ఇళ్ళనుండి వచ్చినవారికి దీనిని వివరించనక్కరలేదు. తక్కినవారికోసం చెబుతాను. చీరలో పువ్వో, చిలుకో, ఏనుగో రావాలంటే పేకదారం మీద ఎక్కడ ఏ రంగు పడాలో నేతకు ముందే నిర్ణయం కావాలి. అందుకు ఆ దారాన్నంతా ఒక క్రమంలో వరుసలు వరుసలుగా పరచుకోవాలి. ఆసు అనే కొయ్య సాధనం అందుకోసమే. దానికి ఒక కొనలో ఒక మేకు ఉంటుంది. ఎదుట అర్ధచంద్రాకారంగా వంగిన పట్టె మీద వరుసగా ఎన్నో మేకులుంటాయి. కొన మేకునుండి దారం తీసుకొనిపోయి వంపులోని మేకుకు తగిలించాలి, వెనుకకు తేవాలి, మళ్ళీ తీసుకొనిపోవాలి. ఒక్క చీరకు ఈ విధంగా చేయి సుమారు 9 వేల సార్లు తిరుగుతుంది. కదిలే దూరం ఇంచుమించు ఒక మీటరు. పట్టే కాలం నాలుగైదు గంటలు. రోజుకు రెండు చీరలకు పోస్తే 18 వేల సార్లు. మాట తప్పినా ఫరవాలేదుగాని లెక్క తప్పరాదు. ఒక్క పోగు అటూ ఇటూ అయితే బొమ్మ చెదిరిపోతుంది.

తెలుగులో ‘ఆసులో కండె’ అని ఒక జాతీయం ఉంది. నిలకడ లేక అటూ ఇటూ తిరిగేవారిని అలా అంటారు. తరగతిలో దానిని వివరించవలసి వచ్చినప్పుడల్లా నా మనసు ఒప్పుకోదు. ఆసులో కండె ఊరికే తిరగదు. దానిని తిప్పే చేయి ఒకటి ఉంటుంది.

అమ్మ పుట్టిన తేదీ ఎక్కడా రాసి లేదు. ‘పోలీసు చర్య అయిన ఏడు, జొన్నచేలు కంకిమీద ఉన్నప్పుడు’ అని మా అమ్మమ్మ చెప్పేది. అంటే 1948. ఓటరు కార్డులో ఉన్న సంవత్సరం వేరు. అది వివరాలు రాసుకోవడానికి వచ్చిన ఉద్యోగి ఆమె ముఖం చూసి వేసినది. ఆలేరుకు దగ్గరలోని ఒక చిన్న ఊరు మాది. అప్పుడు నల్లగొండ జిల్లా, 2016 నుండి యాదాద్రి భువనగిరి జిల్లా. పోచంపల్లి నేత అని లోకం పిలిచే పని ఆ ఒక్క ఊరిలోనే జరగదు. కొయ్యలగూడెం, పుట్టపాక, సిరిపురం మొదలైన ఎన్నో ఊళ్ళలో ఇంటింటా ఒకప్పుడు మగ్గం చప్పుడు వినిపించేది. మా ఊరు కూడా అందులో ఒకటి.

నేను ఏడో తరగతిలో ఉండగా భూదానోద్యమం పాఠం చదివి ఇంటికి వచ్చి గొప్పగా చెప్పాను. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే పోచంపల్లికి వచ్చినప్పుడు వెదిరె రామచంద్రారెడ్డిగారు నూరెకరాలు దానమిచ్చారనీ, ఆ ఉద్యమం అక్కడే పుట్టిందనీ అమ్మకు వివరించాను. ఆమె చేయి ఆపకుండానే విని, “మనకు సుత ఉన్నది బిడ్డా భూమి. ఒక్కటే గుంట” అని మగ్గం వైపు చూపించింది. నాన్న కాళ్ళు పెట్టుకొని నేసే గుంట అది. ఎకరానికి నలభై గుంటలని తెలిసినవారికే ఆ మాటలోని చమత్కారం పూర్తిగా అందుతుంది. తరువాతి కాలంలో శ్లేషాలంకారానికి ప్రబంధాలనుండి ఎన్నెన్నో ఉదాహరణలు చదివాను, చదివించాను. నాకు మాత్రం ముందు గుర్తుకువచ్చేది ఆ గుంటే.

ఆ గుంట 1981లో ఖాళీ అయింది. నాకప్పుడు పదమూడో ఏడు, తమ్మునికి తొమ్మిదో ఏడు. నాన్న కామెర్లు వచ్చి, పదిహేను రోజులు తిరక్కముందే పోయాడు. మగ్గం మీద సగం నేసిన చీర ఉండిపోయింది. చిన్నాన్న వచ్చి దాన్ని పూర్తిచేసి, సావుకారుకు అప్పగించి, రావలసిన కూలి తెచ్చి అమ్మ చేతిలో పెట్టాడు. మరునాడు అమ్మ మగ్గం విప్పించింది. అచ్చునూ నాడెలనూ గుడ్డలో మూటగట్టి దూలానికి వేలాడదీసింది. తెరచిన గుంట ఇంటికి మంచిది కాదనీ, పూడ్చివేయమనీ వచ్చినవారందరూ చెప్పారు. ఆమె పూడ్చలేదు. దానిమీద రెండు పలకలు పరిచి, చాప వేసి, మా ఇద్దరినీ అక్కడే పడుకోబెట్టింది. “పూడిసినంక మళ్ల తవ్వుడు కష్టం” అన్నది. అంతకుమించి ఆ విషయం ఎవరితోనూ మాట్లాడలేదు. ఏడేళ్ళ తరువాత తమ్ముడు మగ్గం మీద కూర్చొన్ననాడు ఆ పలకలు తీశారు.

మా ఇంట్లో ఆడవాళ్ళు మగ్గం నేసే అలవాటు లేదు. అమ్మ చేతికి వచ్చిన పని ఆసు. నాన్న ఉన్నంతకాలం అది మా ఇంటి చీరకు చేసిన పని. దానికి వేరే కూలి అంటూ లేదు. నాన్న పోయాక నాలుగిళ్ళ ఆసు తెచ్చుకొని కూలికి పోయసాగింది. ఒక్క విషయం నాకు అప్పుడే తెలిసింది. ఇంటికోసం చేసినన్నాళ్ళు అది ‘పని’ అని ఎవరూ అనలేదు. కూలి చేతికి వచ్చిన తరువాతనే దానికి పని అనే పేరు వచ్చింది.

ఆమె దినచర్య సూర్యునితో ముడిపడి ఉండేది. తెల్లవారకముందే లేచి, వాకిలి ఊడ్చి, అలుకు చల్లి, పొయ్యి మీద జొన్నగట్క పెట్టి, మేము లేచేసరికి ఆసు ముందు కూర్చొని ఉండేది. పట్టుపోగు కంటికి ఆనాలంటే వెలుతురు కావాలి. అందుచేత ఉదయం తూర్పు గడప దగ్గర, మధ్యాహ్నం నడవలో, సాయంకాలం పడమటి కిటికీ కింద ఆసు మారుతూ ఉండేది. మా ఇంట్లో గడియారం లేదు. ఆసు ఎక్కడ ఉన్నదో చూసి బడికి వేళయిందో లేదో నేనూ తమ్ముడూ చెప్పుకొనేవాళ్ళం. ఆమె లెక్కలో ఉన్నప్పుడు పిలిస్తే పలికేది కాదు. ఎడమచేతి చూపుడువేలు ఎత్తేది. ఈ వరుస అయ్యేదాకా ఆగమని దాని అర్థం. మేమిద్దరం ఎన్నో తగవులు పడి, న్యాయం చెప్పమని ఆమె దగ్గరకు పరుగెత్తుకొనిపోయి, ఆ వేలు చూసి నిలబడి, అది దిగేలోపలే తగవు మరచిపోయేవాళ్ళం.

వేసవి సెలవుల్లో నన్ను పక్కన కూర్చోబెట్టుకొని లెక్క నాకు అప్పగించేది. ఆమె చేయి పోయి వచ్చినప్పుడల్లా నేను ఒక అంకె చెప్పాలి. కాసేపటికి అంకెలు అంకెలుగా వినిపించేవి కావు. ఒక నడకగా వినిపించేవి. నాలుగు పోగులకు ఒక విరుపు, విరుపుకు ఒక ఊపిరి. చాలాకాలం తరువాత కళాశాలలో ఛందస్సు మొదలుపెట్టినప్పుడు మా తరగతిలో చాలామంది గణాల లెక్కకు బెదిరిపోయారు. నాకు అది తెలిసిన దారిలాగానే తోచింది.

నలభై ఏళ్ళు నిండకముందే ఆమె కుడిభుజం పట్టుకొనిపోయింది. ముందుకు చాచడానికి, వెనుకకు తేవడానికి చేయి ఆడేది. భుజంకంటె పైకి మాత్రం లేచేది కాదు. ఉట్టి మీది కుండ దించలేకపోయింది. దండెం మీద చీర ఆరవేయలేకపోయింది. అన్నిటికంటె పెద్ద ఇబ్బంది, తన తల తాను దువ్వుకోలేకపోయింది. అమ్మకు చాలా జుట్టు. తల్లి కూతురికి జడవేయడం అంతటా ఉన్నదే. మా ఇంట్లో మాత్రం రోజూ బడికి పోయేముందు కూతురే తల్లికి కొప్పు ముడిచేది. నేను వెనుక నిలబడి దువ్వుతూ ఉంటే, ఆ కాస్త సేపు ఆమె రెండు చేతులూ ఒడిలో పెట్టుకొని కళ్ళు మూసుకొనేది. రోజు మొత్తంలో ఆమె చేతులు ఊరికే ఉన్న సమయం అదొక్కటే. అందుకే చిక్కు లేకపోయినా ఉన్నదని చెప్పి నేను కొంచెం ఆలస్యం చేసేదాన్ని.

పట్నంలో ఒక వైద్యునికి చూపించాము. ఆయన కొన్ని మాత్రలు రాసి, ఆరునెలలు చేతికి విశ్రాంతి ఇమ్మన్నాడు. అమ్మ మాత్రలను ఒక్క పూట కూడా తప్పకుండా వేసుకొన్నది. రెండో సలహా వినబడనట్లే ఉండిపోయింది.

నా పదో తరగతి అయ్యాక చుట్టాలందరూ ఒక్కమాట మీద నిలబడ్డారు. తండ్రి లేని పిల్ల, ఇక పెండ్లి చేయడమే మంచిదన్నారు. వారు చెడ్డవారు కారు. ఎవరి భయం వారిది. అమ్మ అందరి మాటా విన్నది. చివరికి తాను చెప్పింది ఇంతే. “సదువు సంగతి నాకు తెల్వదు. ఆసు సంగతి తెలుసు. లెక్క నడుమ లేస్తె మళ్ల మొదటికెల్లి పొయ్యాలె. పిల్ల నడుమల ఉన్నది. లేపొద్దు.” ఆ మాట మీద నేను ఇంటర్మీడియట్‌లో చేరాను. ఆపైన డిగ్రీలో, ఆపైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఎం.ఏ.లో. ప్రతిసారీ ఇంకా లెక్క కాలేదా అని చుట్టాలు అడుగుతూనే ఉన్నారు.

1992లో నాకు ఉద్యోగం వచ్చింది. మరుసటి ఏడాది మా అమ్మాయి పుట్టింది. ఇరవై రోజులుండి పోతానని నల్లగొండకు వచ్చిన అమ్మ ఆరేళ్ళుంది. అమ్మలో నేను అంతవరకు చూడని మనిషి అప్పుడు బయటికి వచ్చింది. మాకు బువ్వ పెట్టి ఆసు వైపు చూసిన కళ్ళే, మనవరాలికి ఒక్కొక్క ముద్ద పెడుతూ గంటసేపు ఆకాశంలోని కాకిని చూపించేవి. కాళ్ళు బారజాపి, పాపను బోర్లా పడుకోబెట్టుకొని, ఎడమచేత్తో నీళ్ళు పోసి, కుడిచేత్తో వీపు రుద్దేది. ఊయల తాడు మాత్రం కుడిచేతిదే. ఆ చేతికి పోవడమూ రావడమూ కొత్త కాదు కదా! ఒకరోజు నేను కళాశాలనుండి వచ్చేసరికి పాప నిద్రపోతున్నది. “ఇయ్యాల తొందరగ పండుకున్నది. మున్నూటికే పండుకున్నది” అని చెప్పింది. మూడు వందల ఊపులకు నిద్రపోయిందన్నమాట. నిన్న ఎంతకు పడుకొన్నదని అడిగితే దానికీ ఆమె దగ్గర లెక్క ఉంది.

ఆ కాలంలోనే నేను పాల్కురికి సోమనాథుని ద్విపద కావ్యాల మీద పరిశోధన చేస్తూ ఉండేదాన్ని. రాత్రి పాప పడుకొన్నాక చదువుకొనేదాన్ని. అమ్మ పక్కనే కూర్చొని చదివింది చెప్పమనేది. ఒక రాత్రి బసవపురాణంలోని జేడర దాసయ్య కథ చెప్పాను. దాసయ్య నేతగాడు, శివభక్తుడు. ఎంతో శ్రద్ధతో ఒక మేలైన వస్త్రం నేశాడు. శివుడు ముసలి జంగమ రూపంలో వచ్చి ఆ వస్త్రాన్ని అడిగాడు. దాసయ్య సంతోషంగా ఇచ్చాడు. ఆ జంగమయ్య అతడు చూస్తూ ఉండగానే దాన్ని ముక్కలుముక్కలుగా చింపివేశాడు. దాసయ్యకు కోపం రాలేదు. ఆ భక్తికి మెచ్చి శివుడు అతనికి తరగని ధాన్యపు నిధిని ప్రసాదించాడు. నేను భక్తిపారవశ్యాన్ని గురించి, జంగమసేవను గురించి నాకు తెలిసిందంతా వివరించాను.

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “నేసినాయన ఓర్సుకున్నడు, మంచిదే. ఆ బట్టకు నూలు తోడిన ఆడామె ఉంటది గద, ఆమె ఓర్సుకున్నదా? అది రాసిండా?” అని అడిగింది.

ఆ కావ్యాన్ని గురించి నేను ఎందరో పండితుల వ్యాసాలు చదివాను. సోమనాథుని దేశి ఛందస్సు, జాను తెనుగు, వీరశైవ తత్త్వం, సంఘసంస్కరణ దృష్టి — ఇవన్నీ చర్చకు వచ్చాయి. ఆ వస్త్రపు నూలు ఎవరు తోడారని అడిగినవారు నాకు తెలిసి అమ్మ ఒక్కతే. నా సిద్ధాంత గ్రంథంలో ఆ ప్రశ్నకు చోటు లేదు. అది పరిశోధన పద్ధతిలో ఇమిడే ప్రశ్న కాదు. కాని తరగతిలో ఆ కథ చెప్పినప్పుడల్లా ఆ ప్రశ్నను కూడా చెబుతూ వస్తున్నాను. చేనేత ఇంటి పిల్లలు వెంటనే తలెత్తి చూస్తారు.

లెక్కలు రాసేవారు కూడా ఆ చేతికి ఇచ్చే పేరు విచిత్రంగా ఉంటుంది. 2019-20 నాటి నాలుగవ అఖిల భారత చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత పనివారు 35 లక్షలకు పైగా ఉన్నారు. వారిలో నూటికి 72 మంది స్త్రీలే. మగ్గం మీద నేసేవారిది ఒక పద్దు. నేతకు ముందూ వెనుకా జరిగే పనులు చేసేవారిది ‘అనుబంధ కార్మికులు’ అని మరొక పద్దు. అనుబంధం అన్నది అందమైన మాటే. కాని పుస్తకంలో అనుబంధం చివర ఉంటుంది; చీరలో మొదట ఉంటుంది.

నేను డాక్టరేటు పట్టా పుచ్చుకొన్న 1999లోనే మా ప్రాంతంలో అంతకంటె ఎంతో గొప్పదైన పరిశోధన ఒకటి ఫలించింది. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశంగారు తన తల్లి లక్ష్మి ఆసు పోసి పోసి భుజం నొప్పితో బాధపడడం చూడలేక, ఆ పనికి ఒక యంత్రం చేయాలని 1992లో పూనుకొన్నారు. ఆయన ఇంజనీరింగు చదివినవారు కారు. చదువు బడిలోనే ఆగిపోయింది. డబ్బు చేతికి అందినప్పుడు ఒక భాగం, మళ్ళీ అందినప్పుడు మరొక భాగం చేసుకొంటూ ఏడేళ్ళు శ్రమించారు. నాలుగైదు గంటలు పట్టే ఆసును ఆ యంత్రం గంటన్నరలో పోస్తుంది. దానికి ఆయన తల్లి పేరు పెట్టి ‘లక్ష్మీ ఆసు యంత్రం’ అన్నారు.

అప్పటికి తమ్మునికి ఇద్దరు కొడుకులు. మనవరాలు బడికి అలవాటుపడగానే అమ్మ మనవల కోసం ఊరికి తిరిగిపోయింది. పోయినదేమో వారిని ఆడించడానికి. కూర్చొన్నదేమో మళ్ళీ ఆసు ముందు. కొన్నేళ్ళకు తమ్ముడు అప్పు చేసి యంత్రం కొన్నాడు. నేను సెలవులకు వెళ్ళేసరికి ఆసు ఉండే నడవలో యంత్రం తిరుగుతున్నది. అమ్మ సంతోషించిందని ఒక్కమాటలో చెప్పివేయవచ్చు. అది సగమే నిజం. ఊరిలో కూలికి ఆసు పోసే ముసలివాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు. యంత్రం ఉన్న ఇంటివారు వారిని పిలవడం మానేశారు. వారిలో ఒకామె వచ్చి అమ్మ దగ్గర కూర్చొని కండ్లనీళ్ళు పెట్టుకొన్నది. అమ్మ ఆమెకు సర్దిచెప్పలేదు. ‘అంతా మంచికే’ అనే మాట ఆమె నోట నేనెప్పుడూ వినలేదు. ఆమెను వారానికి రెండు రోజులు కండెలు చుట్టడానికి పిలవమని తమ్మునికి చెప్పింది. ఆమె వెళ్ళిపోయాక నాతో, “పని పోయింది, బాధనే. నీ మరదలి రెక్క మిగిలింది, అది సుత సూడాలె” అన్నది. నా మరదలు ఈనాటికీ తన తల తాను దువ్వుకొంటున్నది.

మా అమ్మాయి వేసవి సెలవులన్నీ ఆ ఊరిలోనే గడిచాయి. అమ్మమ్మకు కొప్పు ముడిచే పని నానుండి దానికి సంక్రమించింది. రాత్రులు ముగ్గురు పిల్లలనూ చుట్టూ పడుకోబెట్టుకొని అమ్మ కథలు చెప్పేది. పద్మశాలీల కులపురుషుడైన భావనాఋషి తామరతూడుల నారతో దేవతలకు మొదటి వస్త్రం నేసిన కథ మా ఇళ్ళలో పిల్లలందరూ విన్నదే. అమ్మ చెప్పే కథలో భావనాఋషి మగ్గం మీద కూర్చొనే ముందు అతని భార్య భద్రావతి మూడు రోజులు ఆసు పోసేది. ఆ మూడు రోజులూ అమ్మ చేర్చినవే. ఆ ముక్క లేకుండా ఆమె ఆ కథను ఎన్నడూ చెప్పలేదు. నా కూతురు, మేనల్లుళ్ళు ఆ కథను అలాగే నేర్చుకొన్నారు.

తొమ్మిదో తరగతిలో ఉండగా మా అమ్మాయి ఒక కాగితం తీసుకొని లెక్క వేసింది. ఒక చీరకు 9 వేల సార్లు, సారికి ఒక మీటరు. తిరిగి రావడం కలపకుండానే 9 కిలోమీటర్లు. నెలకు ఇన్ని చీరలు, ఏడాదికి ఇన్ని, పాతికేళ్ళకు ఇన్ని అని గుణించి, “అమ్మమ్మా, నీ చెయ్యి భూమి చుట్టూ తిరిగొచ్చింది తెలుసా!” అని ఎగిరింది. అమ్మ ఆ కాగితాన్ని తిప్పి తిప్పి చూసింది. “నేనేడికి పొయిన్నే? గోడకాన్నే కూసున్న గద! అంత నడిస్తె కాశికన్న పోయొద్దును” అన్నది. అందరమూ నవ్వాము. ఆ కాగితం మాత్రం ఆమె పారవేయనియ్యలేదు. మడతపెట్టి, బొట్టుపెట్టెలో పెట్టుకొన్నది.

అమ్మ 2019 ఎండాకాలంలో, నాలుగు రోజుల జ్వరంతో వెళ్ళిపోయింది. నాకు ఇప్పుడు ఎక్కువగా గుర్తుకువచ్చేది మాత్రం ఆ చివరి రోజులు కావు. అంతకు రెండేళ్ళ ముందు జరిగిన మా అమ్మాయి పెండ్లి.

2017 ఫిబ్రవరిలో ముహూర్తం. పెండ్లిచీర తమ్ముని మగ్గం మీదనే నేయాలని నిశ్చయించాము. మా బంధువులలో చదువుకొన్నవారు, మంచిమనసు ఉన్నవారే, ఒక కోరిక వెలిబుచ్చారు. మనవరాలి పెండ్లిచీరకు అమ్మమ్మ తన చేత్తో ఆసు పోస్తే ఎంత బాగుంటుంది, ఒక్క చీరే కదా, రోజుకు కాస్త కాస్తగా పోయవచ్చు కదా అన్నారు. ఫొటో తీసి దాచుకోవచ్చునని కూడా ఒకరన్నారు. అమ్మ వారివైపు వింతగా చూసింది. మూలనున్న పాత ఆసును చూసింది. “మిషన్ మీదనే పొయ్యుండ్రి. రెక్క ఇరగ్గొట్టుకునేటందుకా పెండ్లి?” అన్నది.

సరిగ్గా ఆ రోజుల్లోనే, జనవరి 25న, మల్లేశంగారికి పద్మశ్రీ ప్రకటించారు. టీవీలో ఆ వార్త వస్తూ ఉంటే తమ్ముడు అమ్మను పిలిచి చూపించాడు. అమ్మ పద్మశ్రీ అంటే ఏమిటని అడగలేదు. “వాళ్ల అమ్మ భుజం తక్కువైందటనా?” అని అడిగింది.

పెండ్లిచీరకు ఆసు యంత్రం మీదనే పోశారు. అమ్మ దాని పక్కన పీట వేసుకొని, రెండు చేతులూ ఒడిలో పెట్టుకొని కూర్చొన్నది. వెనుక నిలబడి మా అమ్మాయి తల దువ్వుతూ ఉన్నది. యంత్రానికి తన లెక్క తనకు ఉంది. పోగు తెగితే అదే ఆగుతుంది. అయినా అమ్మ పెదవులు కదులుతూనే ఉన్నాయి. మనవరాలు ఏదో అడిగింది. అమ్మ ఎడమచేతి చూపుడువేలు పైకి లేచింది. అది నవ్వుకొంటూ, దువ్వెన పట్టుకొని, ఆ వరుస అయ్యేదాకా ఆగింది.

పెండ్లినాడు అక్షింతలు వేయడానికి పెద్దలందరూ వరుసగా వచ్చారు. అమ్మ వంతు వచ్చింది. కుడిచేతి గుప్పిట్లో అక్షింతలు పట్టుకొని, ఆ చేతిని ఎడమచేత్తో మోచేతి కింద ఆనించి, పైకి ఎత్తబోయింది. పీటల మీద ఉన్న మా అమ్మాయి ఆ చేయి లేవకముందే ముందుకు వంగి, తన తలను తెచ్చి ఆమె ఒడి దగ్గర పెట్టింది.